ముందు చిన్న లోపమే చూడాలనేవాడు

మా చిన్న తమ్ముడు పోయి పదహారు రోజులైంది. వాడి మీద కోపం ఇంకా తగ్గలేదు. పూజలో కూర్చున్నా తగ్గడం లేదు.

వాడు పోయిన రోజు పొద్దున గుడి నుంచి పులిహోర తీసుకుని హనుమకొండలో వాడి కంప్యూటర్ రిపేరు షాపుకు వెళ్లాను. నర్సంపేట నుంచి ఒకాయన తన సిస్టమ్ మోసుకొచ్చి కూర్చున్నాడు. ఏ యూఎస్‌బీ పోర్టులో పెట్టినా పెన్‌డ్రైవ్‌ను పట్టుకోవడం లేదట. కూతురి సర్టిఫికెట్లన్నీ ఆ సిస్టమ్‌లోనే ఉన్నాయి. కాలేజీ సీటుకు అవి పంపడానికి మర్నాడే ఆఖరు.

"మదర్‌బోర్డే పోయిందంటవా అన్నా?" అన్నాడాయన.

"నీ నోట్ల మంచి మాటే రాదా? జర ఆగు" అన్నాడు తమ్ముడు.

వాడిది ఒకటే వరస. ముందు పెన్‌డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూస్తాడు. తర్వాత పోర్టులో దుమ్ము. తర్వాత కరెంటు తీగ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టి, మళ్లీ పెడతాడు. బోర్డు మాట చిట్టచివరికే. "చిన్నదాన్నుంచి మొదలువెట్టాలె అక్కా. ముందే బెదిరితే చిన్నది కండ్లవడదు" అనేవాడు. ఆ మాటను నేనూ ఎంతమందితోనో చెప్పి మెచ్చుకున్నాను.

బల్ల కింద వంగినవాడు లేచి ఛాతీ రుద్దుకున్నాడు. ఒళ్లంతా చెమట.

"దవాఖానకు పోదాం పా" అన్నాను.

"గ్యాసే అక్కా. సోడా తాగిన. తగ్గకుంటే గోలీ ఏస్కుంట. గప్పటికి తగ్గకుంటే పోదాం."

అదే వరస. మిషన్‌కు పనికొచ్చే ఓపిక గుండెకు పనికిరాదని వాడికి తెలియదా? నాకు తెలియదా? రెక్క పట్టి లాక్కుపోవలసినదాన్ని, పులిహోర తినమని చెప్పి వచ్చేశాను.

పోర్టులు పట్టాయని, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించానని, నర్సంపేట ఆయన్ను సాయంత్రం రమ్మన్నానని, షటర్ వేసి అన్నానికి వస్తున్నానని మరదలికి ఫోన్ చేశాడు. ఇంటి గడపలో కుప్పకూలాడు.

దహనం తెల్లవారాక అనుకున్నాం. ఆ సాయంత్రమే వాడి ఫోన్ మోగితే నేనే ఎత్తాను, నర్సంపేట ఆయన. "షటర్ ఏసుంది. అన్న ఏడికి వోయిండమ్మా?" చెడామడా తిట్టాలనిపించింది. "లేడు" అన్నాను. అటువైపు ఆయన ఏడుపు వినబడింది.

"శవం ఇంట్ల వెట్టుకోని దుకాణం తెరుస్తరా ఎవరన్న? దినాలైనంక రమ్మను" అన్నాడు పెద్ద తమ్ముడు.

"అందాక ఆ పిల్ల సీటు ఆగుతదా బావా?" తల ఎత్తకుండానే అంది మరదలు.

అందరూ నా వైపు చూశారు. ఇంట్లో మైల, మడి చెప్పేది నేనే. "పిల్ల సీటుకు మైల అడ్డం గాదు" అన్నాను.

ఆ రాత్రికే మరదలు తాళాలివ్వాలని, పెద్ద తమ్ముడు షటర్ సగం వరకే ఎత్తాలని, నేను వంగి లోపలికి వెళ్లి పెన్‌డ్రైవ్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాలని అనుకున్నాం.