అవ్వ చిటికెడు పెన్నేరుగడ్డ

పందొమ్మిదివందల అరవైల మొదట్లో రెండేళ్లు వరుసగా వాన మొహం చాటేసింది. దాన్ని చూసి నిద్ర కూడా నాకు మొహం చాటేసింది. ధర్మవరంలో మాది పట్టుమగ్గం. నిద్రలేని చేతులు వణికితే పట్టుపోగు ఊరుకుంటుందా? అడ్డపోగు నడిపే నాడె విసిరినప్పుడల్లా తెగేది. మగ్గం మీద ఉన్నదేమో పెళ్లికూతురి చీర.

"పున్నమికి చీర నేసి మగ్గం మీంచి కొయ్యకుంటే ఇంగ నీకు పట్టు ఇయ్యనప్పా. ఎదురింటోనికి ఇస్తా" అనేశాడు షావుకారు. ఎదురింటివాడు నా చిన్నాయన కొడుకే. గడపలో నిలబడి పళ్లికిలించాడు.

మా అవ్వ చేనిగట్టున పెన్నేరుగడ్డ, అదే అశ్వగంధ, తవ్వుకొచ్చింది. కరువుకు బెదరని మొక్క. వేళ్లను ఆవుపాలలో ఉడికించి, ఎండబెట్టి, దంచి, గుడ్డలో జల్లించి డబ్బాకెత్తింది. ఒకటే గుర్రం కంపు! దారిన పోయే జట్కా గుర్రం మా వాకిట ఆగి, లోపల చుట్టాలున్నారనుకుని సకిలించింది. నమ్మకపోతే ఆ గుర్రాన్నే అడగండి.

అవ్వకు ఒక కట్టడి ఉండేది. మందు పుచ్చుకునేవాళ్లు డబ్బా ముట్టకూడదు.

"జబ్బు మనిషి చెయ్యికి ఆత్రమెక్కువరా. చిటికెడంటే పిడికెడు తీస్తాది. డాక్టరు నిద్రమాత్రలు మింగుతాండావా? మింగుతాంటే ఇది ఇయ్యను."

ఆరునెలల కడుపుతో ఉన్న నా భార్య "నాకూ రవ్వంత ఈ అవ్వా" అని చెయ్యి చాచితే డబ్బా వెనక్కి లాక్కుంది.

"కడుపుతో ఉండేదానికి ఇది కూడదు. రా, కాళ్లు పిసుకుతా."

ఐదు రోజులు చిటికెడు చొప్పున పాలలో తాగాను. గుణం లేదు. ఆరోరోజు అవ్వ నీళ్లకు పోగానే పిడికెడు కలుపుకుని గటగటా తాగేశాను. పెరట్లో మూడు వాంతులయ్యాయి. తర్వాత మగ్గం గుంటలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే పడి నిద్రపోయాను. నా గురకకు మగ్గం ఊగి తనంతట తానే రెండు జానలు నేసిందని వీధిలో చెప్పుకుంటారు. జానెడు వరకైతే నేనూ ఒప్పుకుంటాను.

"ఏమవ్వా, ఆడనే పూడ్చేద్దామా? గుంట ఎట్లాగూ తవ్వే ఉండాది" అన్నాడట ఎదురింటివాడు.

"నా మనవడు లేస్తాడు గానీ, నువ్వు నోరు ముయ్యప్పా" అందట అవ్వ.

లేచాక రెండు రోజులు మజ్జిగ తప్ప మరేమీ ఇవ్వలేదు. డబ్బాను కొంగున ముడేసుకుంది. మళ్లీ చిటికెడు మొదలు. రెండు వారాలు తిరిగేసరికి నిద్ర దానంతటదే వచ్చి పక్కలో చేరింది. చేతుల వణుకు పోయింది. పున్నమికి ఒకరోజు ముందే చీర కోశాను. షావుకారు అంచు పొడవునా వేలితో తడిమాడు. చివరి నాలుగు మూరల్లో ఒక్క ముడీ తగల్లేదు.

"వచ్చే పడుగు కూడా నీకేప్పా" అన్నాడు.

మర్నాడు ఎదురింటివాడు ఎర్రబడ్డ కళ్లతో వచ్చాడు. నా పట్టు తనకొస్తుందన్న ఆశతో నెలంతా నిద్రపోలేదట!

"అన్నా, ఆ పొడి రవ్వంత..."

అవ్వ కొంగు ముడి విప్పి డబ్బా నా ముందు పెట్టింది.

"నువ్వే తియ్యిరా" అంది.

తీశాను. సరిగ్గా చిటికెడు. ఒక్క రేణువు కింద రాలలేదు.