ఎర్రర్ రాని రిపోర్ట్

అమెరికాలో హెర్న్‌డన్‌లోని మా ఆఫీసులో ఒక క్యాన్సర్ మందు ట్రయల్‌కి వారం వారం సాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో రిపోర్ట్ తీయడం నా పని. ప్రస్తుతం మందు వాడుతున్న పేషెంట్లే అందులో ఉంటారు. వాళ్లు హాస్పిటల్‌కి వచ్చిన ఒక్కో విజిట్‌కి ఒక్కో కాలమ్. ఒకాయన విజిట్లు మరీ ఎక్కువ కావడంతో ప్రతిసారీ కాలమ్స్ అన్నీ పేజీ వెడల్పులో పట్టక, లైన్ సైజ్ చాలదని ఎర్రర్ వచ్చేది. "మళ్లీ ఈయనేనా" అని విసుక్కుంటూ కాలమ్స్ వెడల్పు తగ్గించేవాణ్ణి.

ఈ రోజు ఏమీ ముట్టుకోకుండానే రన్ అయిపోయింది. సంబరంగా పక్క సీటు సునీతగారిని అడిగాను.

"డేటా ఏమైనా చేంజ్ చేశారా అండీ?"

"లేదండీ. ఆ ఎక్కువ విజిట్ల పేషెంట్ మొన్న ఎక్స్‌పైర్ అయ్యారంట. అందుకే ఈ వీక్ రిపోర్ట్‌లో లేరు."

ఆయన పేరు కూడా నాకు తెలియదు, నంబరే తెలుసు. కాలమ్స్ మళ్లీ వెడల్పు చేసుకోవచ్చు, చోటు బోలెడుంది. చెయ్యి రాలేదు.

ఎర్రర్ పోయినందుకు ఏడుపొచ్చింది నాకొక్కడికేనా, మీలో ఇంకెవరైనా ఉన్నారా?