లినక్స్ శ్రీశైలం, దమయంతి హెడ్‌ఫోన్

చిక్కడపల్లిలో సెంట్రల్ లైబ్రరీకి దగ్గరి సందులో, ఒక జిరాక్స్ షాపు మెట్ల కింద, ఒకరు లోపల కూర్చుంటే రెండోవాళ్లు బయట నిలబడాల్సినంత చోటులో శ్రీశైలం లాప్‌టాప్‌లు బాగుచేస్తాడు. బోర్డు మీద ఏం రాసి ఉందో ఎవరూ చదవరు. అశోక్‌నగర్ హాస్టళ్లలో అందరికీ అతను లినక్స్ శ్రీశైలమే. ముసలిదైపోయి విండోస్ మోయలేక ఆయాసపడే లాప్‌టాప్ పట్టుకుని ఎవరొచ్చినా, విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించి పంపుతాడు. అది తేలిక, పైగా ఉచితం. ఆ తర్వాత ఆ లాప్‌టాప్‌కు తుమ్మొచ్చినా దగ్గొచ్చినా బాధ్యత తనదే అనుకోవడం అతనికున్న జబ్బు.

అతను కూడా ఒకప్పుడు పాలమూరు వైపు నుంచి గ్రూప్స్ రాయడానికి వచ్చినవాడే. ఏడేళ్లు రాశాడు, ఒక్క ఉద్యోగమూ రాలేదు. అలాగని ఏడుపుగొట్టు మనిషి మాత్రం కాదు. తోటివాళ్ల లాప్‌టాప్‌లు విప్పి విప్పి నేర్చుకున్న పనే ఇప్పుడు అన్నం పెడుతోంది. భార్య మహేశ్వరి నారాయణగూడలో బడి పంతులమ్మ. సాయంత్రం ఆమె బడి నుంచి వస్తూ షాపు దగ్గర ఆగుతుంది, ఇద్దరూ చెరో చాయ్ తాగి ఇంటికి నడుస్తారు. ఇంతకన్నా ఏం కావాలి అంటాడు శ్రీశైలం, ఆ మాట మనస్ఫూర్తిగానే అంటాడు.

ఒక శనివారం పొద్దున దమయంతి వచ్చింది. స్టెనోగ్రాఫర్ ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కిన అమ్మాయి. సోమవారం స్కిల్ టెస్ట్. పది నిమిషాలు ఒకాయన చదువుతూ పోతాడు, ఆగడు. అదంతా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని తర్వాత టైపు చేసి ఇవ్వాలి. వయసు లెక్కన ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. రోజూ డిక్టేషన్లు విని రాస్తుంటేనే చేతికి వేగం నిలుస్తుంది, రెండు రోజులు మానితే మొద్దుబారుతుంది. సరిగ్గా పరీక్షకు రెండు రోజుల ముందు హెడ్‌ఫోన్ మూగబోయింది.

"నిన్నటిదాక మంచిగనే ఉండె అన్నా. పొద్దుగాల అప్‌డేట్ అడిగితే సరే అన్న. ఇగ గప్పటిసంది సప్పుడు లేదు" అంది.

ఫోన్‌లో వినరాదా అని అడిగాడు. హాస్టల్ గదిలో ఆరుగురు, అక్కడ చదువు సాగదు. ఆమె కూర్చునేది ప్రభావతమ్మ అనే మేడం నడిపే రీడింగ్ హాలులో. అక్కడ ఫోన్లు గుమ్మం దగ్గరే అప్పజెప్పాలి. బ్లూటూత్ అసలే కుదరదు; ఎవడిదో ఒకసారి మధ్యలో తెగిపోయి సినిమా పాట హాలంతా మోగిందట, ఆ రోజు నుంచి నిషేధం. యూఎస్‌బీ హెడ్‌ఫోన్ పెడదామంటే పనిచేసే పోర్టు ఒక్కటే, దానికి టైపింగ్ కోసం బయటి కీబోర్డు తగిలించి ఉంది; పోర్టు వదులు, మాటిమాటికీ పీకి మారిస్తే అదీ పోతుంది. అన్ని దారులూ మూసుకుని ఉన్నాయి.

అప్‌డేట్ అన్న మాట చెవిన పడగానే శ్రీశైలానికి నేరస్థుడు దొరికిపోయాడు. సౌండ్ సెట్టింగుల్లోకి వెళ్లాడు. హెడ్‌ఫోన్ పీకేసినా అక్కడ హెడ్‌ఫోన్ ఉన్నట్టే చూపిస్తోంది. స్పీకర్‌లోంచీ శబ్దం లేదు. ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి, శబ్దం హెచ్చుతగ్గులు చూపే మిక్సర్ చూశాడు, అన్నీ నిండుగా ఉన్నాయి, ఏదీ మ్యూట్‌లో లేదు. సౌండ్ నడిపే సర్వీసును ఆపి మళ్లీ లేపాడు. అప్‌డేట్‌కు ముందున్న పాత కెర్నల్‌తో, అంటే లినక్స్ పాత గుండెకాయతో, లాప్‌టాప్ తెరిచాడు. అబ్బే! టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు, రెండు గంటలు ఇట్టే కరిగిపోయాయి. పైన జిరాక్స్ తీయించుకుంటున్న ఒక మహానుభావుడు తొంగిచూసి, విండోస్ వేసేస్తే పీడా పోతుంది కదా అని సలహా పారేశాడు. దమయంతి చూపు మాటిమాటికీ గడియారం మీదకు పోతోంది.

చివరికి కీబోర్డు పీకి, ఆ పోర్టుకు పెన్‌డ్రైవ్ తగిలించాడు. అందులో కొత్త లినక్స్ ఉంది. లాప్‌టాప్ లోపలిదాన్ని ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్‌లోని దానితోనే మెషీన్ నడిపించి చూడొచ్చు. శబ్దం వస్తే తప్పు సిస్టమ్‌ది, రాకపోతే మెషీన్‌ది. రాలేదు. కొత్త లినక్స్ కూడా హెడ్‌ఫోన్ ఉందనే అంటోంది.

ఈ పని రెండు గంటల ముందే చేయాల్సింది, బుద్ధి గడ్డి తిన్నదా అని తనను తానే తిట్టుకున్నాడు. పాపం, అప్‌డేట్ ఏ తప్పూ చేయలేదు. హెడ్‌ఫోన్‌ను తనే పెట్టి చూస్తే కొద్దిగా బయటే ఆగిపోతోంది. టార్చి వేసి రంధ్రంలోకి చూశాడు. అడుగున ఏదో పసుపుపచ్చగా మెరిసింది.

ఇందులో ఇంకేమైనా పెట్టావా అని అడిగితే దమయంతి పౌచ్‌లోంచి చిన్న ముక్క తీసి చూపించింది. పాడైన ఇయర్‌ఫోన్ నుంచి కత్తిరించిన పిన్ను. దాని కొన లేదు; విరిగి లోపలే ఉండిపోయిన సంగతి ఆమె చూసుకోలేదు.

"పిన్ను అన్నా. హెడ్‌ఫోన్ పెట్టనప్పుడు హాల్ల అందరం ఇదే పెడతం" అంది. పిన్ను లోపలుంటే లాప్‌టాప్ హెడ్‌ఫోన్ ఉందనుకుని స్పీకర్ నోరు మూస్తుంది. ప్రభావతమ్మ గుమ్మంలోనే ఒక్కొక్కరి పిన్ను చూస్తుంది, లేకపోతే ఇంటికే.

ఆ పిన్ను కనిపెట్టినవాడు శ్రీశైలమే. పదకొండేళ్ల కింద అదే హాలులో ఎవరి లాప్‌టాపో మోగితే, ప్రభావతమ్మ మండిపడి లాప్‌టాప్‌లన్నీ బయటికే అంది. అప్పుడు తన ఇయర్‌ఫోన్ కత్తిరించి, పెట్టి చూపించి, ఆమెను ఒప్పించాడు. ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయాడు. ఇన్నేళ్లుగా ఆ పద్ధతి ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చి, చివరికి ఈ అమ్మాయి ఆఖరి పరీక్షకు అడ్డం పడింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

ఖాళీ రిఫిల్ గొట్టం చివర ఫెవిక్విక్ చుక్క అంటించి, రంధ్రంలోకి దించి, ఆ కొన మీద నొక్కి పట్టుకున్నాడు. జిగురు పక్కకు కారితే రంధ్రమే పోతుంది, కొత్తది సోమవారం దాకా దొరకదు. మొదటిసారి గొట్టం ఒట్టిగా ఊడొచ్చింది. రెండోసారి ఊపిరి బిగబట్టి లాగితే, బియ్యపు గింజంత ఇత్తడి ముక్క దాన్ని పట్టుకుని వచ్చింది. తెర మీద హెడ్‌ఫోన్ పోయి స్పీకర్ అని దానంతటదే మారింది. దమయంతి హెడ్‌ఫోన్ గుచ్చి, చెవులకు పెట్టుకుని, కాసేపు విని, అలాగే తలవంచుకుని ఏడ్చేసింది.

ఇకపై పిన్ను అక్కర్లేదు, స్పీకర్‌ను సెట్టింగుల్లోనే ఆపేస్తానన్నాడు శ్రీశైలం.

"సెట్టింగ్ మేడంకు కనబడది అన్నా. పిన్ను కనబడతది" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. కాదనలేని మాట. పట్టుకుని లాగడానికి వైరు తోక ఉంచి, గట్టి పిన్ను ఒకటి చేసిచ్చాడు. చాయ్ కూడా తాగకుండా పరుగెత్తింది.

ఆదివారమంతా అతనికి అదే ధ్యాస. సగం రోజు ప్రాక్టీసు తన పిన్ను మింగేసింది. ఆ సగం రోజు వల్లే ఉద్యోగం పోతే? విషయం విన్న మహేశ్వరి, ఆ పిల్లకే చెప్పెయ్యి, కడుపుల పెట్టుకోని తిరగకు అంది.

సోమవారం మూడు గంటలకు దమయంతి పరీక్ష నుంచి నేరుగా షాపుకే వచ్చింది. ముఖం చూడగానే శ్రీశైలం లేచి నిలబడ్డాడు.

"పది నిమిషాలు రాసిన అన్నా. ఒక్క మాట ఇడువలే. రిజల్ట్ ఏమొస్తదో గని, చెయ్యి మాత్రం ఆగలే."

అప్పుడు చెప్పాడు. ఆ పిన్ను పద్ధతి పెట్టింది తనేనని, శనివారం నోరు రాలేదని, తప్పయిందని. దమయంతి అతన్ని వింతగా చూసింది.

"గది నువ్వా అన్నా? పిన్ను లేకుంటె ఆ హాల్లకు లాప్‌టాప్ రానియ్యరు గద. నాలుగేండ్ల సంది ఆడనే కూసోని చదివిన. నాకింకో జాగ ఏడుంది?"

శ్రీశైలం కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. ఆమె వెళ్లాక ఊళ్లో ఉన్న తల్లి పెంటమ్మకు ఫోన్ చేశాడు. నీ కొడుకు పట్నంలో ఏడేండ్లు చదివి ఏం జేసిండని ఎవరన్న అడిగితే, తన తర్వాత వచ్చినోళ్లు కూసునేతందుకు జాగ జేసిండని చెప్పు అన్నాడు. పెంటమ్మకు ముక్క అర్థం కాలేదు. కానీ కొడుకు గొంతు విని నవ్వి, "అట్లనే చెప్త తీయ్ బిడ్డా" అంది.