చాకీ గదిలో రిలే పెట్టె

అరవ సీమలోని కెలమంగలం దగ్గరి పల్లెల్లో పట్టుపురుగులు మేపే రైతులందరికీ మంజులమ్మ తెలుసు. గుడ్లలోంచి అప్పుడే బయటపడిన పురుగుల్ని రెండో జ్వరం దాటేదాకా సాకి రైతులకివ్వడం ఆమె పని. పురుగు పొర విడవడానికి మేత మాని పడుకోవడాన్ని అక్కడ జ్వరమంటారు. ఆ లేత పురుగులుండే చాకీ గది ఎప్పుడూ వెచ్చగా ఉండాలి. చాలా ఏళ్ళు కుంపట్ల పొగతో కళ్ళు మండించుకున్నాక ఆమె కరెంటు హీటరు కొనుక్కుంది.

తమ్ముడు ఉపేంద్ర కాంట్రాక్టు వైర్‌మన్. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది మంజులమ్మే. అత్తవారింటికి వస్తూ వెంట తెచ్చుకుంటే, భర్త సోమప్ప కాదనలేదు.

2002లో ఆ పల్లెలకు కొత్త ఏర్పాటొకటి వచ్చింది. సాయంత్రాలు వాడకం ఎక్కువైనప్పుడు సబ్‌స్టేషన్ నుంచే ఇళ్ళలో గీజర్లు ఆపేస్తారు. అందుకు ఇంటికో రిలే పెట్టె బిగించి, గీజరు లైను దాన్లోంచి పోనిచ్చి సీలు వేస్తారు. లైట్ల జోలికి రారు. ఇచ్చిన పెట్టెలన్నీ బిగిస్తే ఉద్యోగం ఖాయం చేయిస్తానని కాంట్రాక్టరు ఉపేంద్రకు ఆశపెట్టాడు. పల్లెలో గీజర్లు ఎన్నని? చివరికో పెట్టె మిగిలిపోతే అక్క ఇంటికి పట్టుకొచ్చాడు.

పురుగులకు చలి తగిలితే ఎట్లారా అని ఆమె వెనకాడింది.

"పేరుకు గోడకు పెడతానక్కా. హీటరు లైను దాన్లోకి పోదు" అన్నాడు ఉపేంద్ర. తమ్ముడి మాట, ఇంకేం అడుగుతుంది?

మార్గశిరంలో చలి ముదిరింది. ఒక సాయంత్రం ఆకు వెయ్యడానికి లోపలికి పోతే లైటు వెలుగుతోంది, హీటరు మాత్రం చల్లగా ఉంది. కాసేపటికి దానంతటదే వేడెక్కింది. వోల్టేజీ తక్కువై ఉంటుందన్నాడు ఉపేంద్ర. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చలికి ఎదుగుదల తప్పి, తట్టల్లో కొన్ని పురుగులు జ్వరానికి పడుకుంటే కొన్ని ఇంకా మేస్తున్నాయి. ఆ తర్వాత మెత్తబడి చావడం మొదలైంది. ఆమె కుంపట్లు రాజేసి, పొగ పోయాక లోపల పెట్టింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

సోమప్ప హీటరు తీగ వెంబడి చెయ్యి పెట్టుకుంటూ పోయాడు. అది తిన్నగా సీలు వేసిన పెట్టెలోకి పోయింది.

"యాడికి పోతాదని చెప్పినావురా లైను?" అని అడిగింది మంజులమ్మ.

ఉపేంద్ర తలెత్తలేదు. "తనిఖీకని కలిపి, అయినాక మార్చేద్దామనుకున్నానక్కా. మరిచిపోయినాను."

పురుగుల కోసం ఎదురుచూస్తున్న రైతులు సంగతి తెలిసి కరెంటాఫీసుకు పోయి గొడవ చేశారు. ఇంజనీరు వస్తున్నాడని తెలిసి ఉపేంద్ర అక్క కాళ్ళు పట్టుకున్నాడు. ఇంజనీరు వచ్చి, గీజరుకు పెట్టాల్సింది పురుగుల హీటరుకు ఎవరు పెట్టమన్నారని అరవంలో అడిగాడు. ఉపేంద్ర పక్కనే నిలబడి గోడకేసి చూస్తున్నాడు.

"నేనే పెట్టమన్నాను సార్" అంది మంజులమ్మ.

వాకిట్లో రైతులందరూ విన్నారు. మొదటి పంట నుంచి ఆమె దగ్గరే పురుగులు తీసుకుంటున్న మారియప్ప గడప దాకా వచ్చాడు.

"తెలిసే పెట్టించుకున్నావామ్మా?"

ఆమె లోపలికి పోయి చచ్చిన పురుగులు ఏరసాగింది. మారియప్ప తెచ్చుకున్న ఖాళీ తట్టలు నెత్తికెత్తుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ ఆయన వెంటే నడిచారు.

ఉపేంద్రకు ఉద్యోగం ఖాయమై కృష్ణగిరికి వేశారు. మొదట్లో పండగలకు వచ్చేవాడు. అక్క అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. రానురాను రాకపోకలు తగ్గాయి. ఆ పెట్టెలు ఎందుకూ పనికిరాలేదని ఆఫీసువాళ్ళే ఊడదీసుకుపోయారు. ఆ వేళకు మంజులమ్మ ఇంటికి పురుగుల కోసం వచ్చేవాళ్ళే లేరు.

కెలమంగలంలో ఇంకొకరు పెద్ద చాకీ కేంద్రం తెరిస్తే అక్కడ ఆకు తరిగే కూలికి చేరింది. ఒక పొద్దున మారియప్ప అక్కడికి పురుగుల కోసం వచ్చాడు. రాత్రిళ్ళు గది వెచ్చగా ఉంటోందా అని ఓనరును అడిగాడు.

"ఆమెకు బాగా తెలుసు, ఆమెనే అడుగప్పా" అన్నాడు ఓనరు.

మారియప్ప ఆమె వైపు చూశాడు గానీ అడగలేదు.