గేదె పేరు కూడా తీసేయమని వేసిన పిటిషన్

కరోనా సద్దుమణిగి కోర్టు వరండాలు మళ్ళీ నిండుతున్న ఏడాది అది. బందరులో జిల్లా కోర్టుకు దగ్గర్లోనే నా ఆఫీసు. అప్పటికి వకీలుగా పద్దెనిమిదేళ్ళు గడిచాయి. గట్టు తగాదాలు, విడాకులు, చెక్కు కేసులు ఎన్నో చూశాను గానీ, తన మీద వచ్చిన తీర్పు జనం కంటబడకుండా చేయమని అడిగిన మనిషిని అంతవరకు చూడలేదు.

ఆవిడ పేరు ఇక్కడ కోటేశ్వరమ్మ అనుకుందాం. ఊరు, వ్యాపారం, గేదె పేరు కూడా మార్చే చెబుతున్నాను. అసలు పేరు రాస్తే అంత కష్టపడి గెలిచిన కేసును నేనే పాడుచేసినట్టవుతుంది. అరవై దాటిన మనిషి. భర్త పోయాక పామర్రు సెంటర్లో ఇడ్లీల కొట్టు పెట్టుకుని బతుకుతూ వచ్చారు. కుర్చీలో కూర్చోకముందే అన్నారు:

"అమ్మాయ్, నా పేరు ఫోన్లో కొట్టి చూడు."

కొట్టాను. మొదటి వరుసలోనే ఇంటిపేరుతో సహా ఆవిడ పేరు, దాని పక్కన గంజాయి కేసు, హైకోర్టు తీర్పు!

"ఇదేంటి పిన్నిగారూ? మీరేంటి, గంజాయేంటి?"

"నాక్కాదమ్మా, మాలచ్చికి."

మాలచ్చి ఆవిడ గేదె. పదేళ్ళ క్రితం దానికి వారం రోజులు పారుడు తగ్గకపోతే, పశువులకు నాటువైద్యం చేసే ముసలాయన ఒకడు ఎండుటాకు పొట్లం ఇచ్చి బెల్లంలో పెట్టి తినిపించమన్నాడట. పక్కింట్లో సారా ఉందని ఎక్సైజు వాళ్ళు వచ్చారు. అక్కడ సారా దొరకలేదు గానీ, ఈవిడ పశువుల పాకలో వేలాడుతున్న పొట్లం కనపడింది.

"అదేం ఆకో నీకు తెలుసా అని జడ్జిగారు అడిగితే, తెలుసునండీ అన్నా. అబద్ధం ఆడలేను కదా. జరిమానా, నెల రోజులు జైలు అన్నారు."

అక్కడితో ఆగలేదావిడ. పరువు పోయిందని హైకోర్టుకు వెళ్ళారు. హైకోర్టు జైలుశిక్ష తీసేసి జరిమానా మాత్రం ఉంచింది. చిక్కంతా అక్కడే వచ్చింది. కింది కోర్టుతో సరిపెట్టుకుని ఉంటే ఆ కాగితాలు బీరువాలో దుమ్ముపట్టి ఉండేవి. హైకోర్టు తీర్పు కాబట్టి తిన్నగా ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. పరువు కోసం వేసిన అప్పీలే పరువు తీసింది.

ఇన్నేళ్ళూ ఎవరూ చూడలేదు. ఇప్పుడు బందరు దగ్గర ఒక కాలేజీ హాస్టల్లో పొద్దున టిఫిన్లు పెట్టే పని ఆవిడకు ఖాయమైంది. ఆ భరోసాతోనే పామర్రు కొట్టు ఇంకొకరికి అప్పజెప్పేశారు కూడా. తీరా వార్డెన్ గారు ఫోన్లో ఆవిడ పేరు కొట్టి చూశారు. 'గంజాయి కేసున్న మనిషి చేత పిల్లలకు ఇడ్లీలు పెట్టించమంటారా? కాలేజీ తెరిచేలోగా ఆ సంగతేదో తేల్చుకురండి' అన్నారట.

ఇలాంటి వాటికి మేం మాస్కింగ్ అడుగుతాం. తీర్పు చెరిగిపోదు, శిక్ష రద్దు కాదు, కోర్టు దస్త్రంలో అన్నీ అలాగే ఉంటాయి. జనం చూసే కాపీలో మాత్రం పేరు తీసేసి ఏదో ఒక అక్షరం పెడతారు. దీనికంటూ గట్టి చట్టం ఏదీ లేదు, జడ్జిగారిని ఒప్పించుకోవాలి. హైకోర్టులో రిట్ వేశాను. అనుకున్నదాని కంటే త్వరగానే ఆర్డరు వచ్చింది. కోటేశ్వరమ్మ గారు తీర్పులో 'ఎక్స్' అయిపోయారు. నేను పొంగిపోయాను.

వారం తిరక్కుండా ఆవిడ ఆ తీర్పు కాపీ పట్టుకుని మళ్ళీ దిగారు.

"నాలుగో పేరా చదువమ్మా."

చదివాను. 'పామర్రు సెంటర్లో ఇడ్లీలు అమ్ముకునే ఎక్స్ అను వితంతువు, తన గేదె మాలచ్చికి అనారోగ్యం చేయగా...' అని శుభ్రంగా ఉంది.

"మాలచ్చి గేదెకి యజమాని, ఇడ్లీలమ్మే ముండమోపి పామర్రులో ఎంతమంది ఉంటారమ్మాయ్? దీనికన్నా నా ఫొటో వేసినా సరిపోయేది. వార్డెన్ గారైతే ఫోన్ చేసి, 'ఎక్స్ గారూ బాగున్నారా' అంటున్నాడు."

ఊరు, వ్యాపారం, గేదె పేరు కూడా తీసేయమని ఇంకో పిటిషన్ వేశాను. టైపు చేస్తూ మా గుమాస్తా రెండుసార్లు బయటికెళ్ళి నవ్వుకుని వచ్చాడు.

విచారణ వీడియోలో జరిగింది. నోరు మెదపొద్దని ఒట్టు వేయించుకుని ఆవిడను నా ఆఫీసులో ఒక మూల కూర్చోబెట్టాను. జడ్జిగారు కాగితాలు తిప్పి, "పశువు పేరు కూడానా, మేడమ్?" అన్నారు.

"అవునండీ. ఆ పేరుతో మనిషిని ఇట్టే గుర్తుపడతారు."

ప్రభుత్వ వకీలు గంభీరంగా లేచి, గేదె విషయంలో ప్రభుత్వానికి అభ్యంతరమేమీ లేదన్నారు. జడ్జిగారు పేజీలో వేలు పెట్టి, "ఇక్కడ అచ్చు సరిగా పడలేదు. ఏమిటా పేరు, మహాలక్ష్మా?" అన్నారు.

"మాలచ్చండీ! మా-ల-చ్చి!" మూలనుంచి కేక.

నాకు ప్రాణం పోయినంత పనైంది. స్క్రీను మీద అందరూ కళ్ళజోళ్ళు తీసి తుడుచుకున్నారు. జడ్జిగారు నవ్వాపుకుంటూ, "ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. ఆ పేరు మాత్రం ఆర్డర్లో రాకుండా చూడండి," అన్నారు.

రెండో ఆర్డరుతో పని పూర్తయింది. ఈసారి ఆవిడ పేరు కొట్టినా, ఊరు కొట్టినా, గేదె పేరు కొట్టినా ఏమీ రాలేదు. కాలేజీ తెరిచారు, హాస్టల్లో టిఫిన్లూ మొదలయ్యాయి. మొదటి రోజు రమ్మంటే వెళ్ళాను. వరుసలో నిలబడ్డ కుర్రాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. ఆవిడ చట్నీ వడ్డిస్తూ, ఎక్సైజు వాళ్ళు రావడం దగ్గర్నుంచి హైకోర్టు దాకా పూసగుచ్చినట్టు చెప్పేస్తున్నారు. వార్డెన్ గారు కూడా ప్లేటు పట్టుకుని అక్కడే ఉన్నారు.

ఆవిడను పక్కకు లాగాను. "ఇదేం పని పిన్నిగారూ! అందరికీ మీరే చెప్పేసేదానికి నన్ను రెండు పిటిషన్లు ఎందుకు వేయమన్నారు?"

ఆవిడ నావంక జాలిగా చూశారు.

"నేను తప్పు చేయలేదని అనట్లేదుగా. నేను చెబితే ముందు గేదెకి జబ్బు చేయడం వచ్చుద్ది, ఆ తర్వాతే గంజాయి. ఫోను చెబితే గంజాయి ఒక్కటే వచ్చుద్ది, గేదె దాకా ఎవరూ చదవరు. నా సంగతి నన్ను చెప్పుకోనీయమ్మాయ్."

అప్పటిదాకా ఇలాంటి కేసుల్లో మనిషి అడిగేది దాచిపెట్టడమే అనుకునేదాన్ని. ఇప్పుడు పాత కేసు కప్పేయమని ఎవరైనా వస్తే, వెంటనే ఫైలు తెరవను. జరిగింది మొదటినుంచి మీ మాటల్లో చెప్పండి అంటాను. ఎంతసేపు పట్టినా వింటాను. పిటిషన్లో మొదటి పేరా అక్కడి నుంచే రాస్తాను.