అత్త నింపిన గిన్నెలు

ఆ పొద్దున మా అత్త వాకిట్లో నీళ్ళు పారుతున్నాయి. కుళాయి కింద బిందె నిండి, పొర్లి, అరుగు పక్కగా వీధిలోకి సన్నగా పోతున్నాయి. మా వీధికి మూడు రోజులకొకసారి నీళ్ళు వదులుతారు. అత్త బిందె పొర్లడం నాకు తెలివి వచ్చినప్పటినుంచి చూడలేదు. పరుగెత్తిపోయి ముందు బిందె తీసి, పక్కనున్న కడవ పెట్టాను. ఆ తర్వాతే గోడకు ఆనుకొని కూర్చున్న అత్తను చూశాను. పిలిచాను. భుజం మీద చెయ్యి వేశాను. అప్పటికే వెళ్ళిపోయింది.

ముందు నీళ్ళను చూసి తర్వాత తనను చూసినందుకు అత్త నన్ను తప్పు పట్టదు. ఆ వరస నాకు నేర్పింది ఆమే.

ఆమె మా నాయనకు అక్క. మామ పోయినాక పుట్టిన ఊరు గుమ్మఘట్టకు వచ్చి మా పక్కింట్లో ఉండేది. చేలల్లోకి కూలికి పోయేది. పని లేని రోజుల్లో అరుగు మీద వేరుశనక్కాయలు వొలిచేది. నేను కాన్వెంటు నుంచి సెలవులకు వచ్చి మూలన పుస్తకం పట్టుకుని కూర్చుంటే, గడపలో నిలబడి చూసేది.

"ఏమి పాపా, ఆ పుస్తకంతోనేనా మాటలు? మనుషులతో ఏమన్నా ఉండాదా?"

నేను నవ్వి ఊరుకునేదాన్ని.

"నగితే సరిపాయనా? అనాల్సింది అనల్ల. లోపలే పెట్టుకుంటే పిండి మాదిరి పులిసిపోతాది."

ఆ మాట నాతోపాటు తనకూ చెప్పుకుంటోందని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

అత్తకు ఒక చెల్లెలు. మా చిన్నత్త. పెళ్ళయి విశాఖపట్నం పోయి ముప్పై ఏళ్ళు దాటింది. వాళ్ళమ్మ, అంటే మా జేజి, ఒక మే నెలలో చనిపోయింది. కబురు తెలిసి చిన్నత్త రైలెక్కింది. ఆమె ఊరు చేరేసరికి జేజిని మట్టి చేసి ఒక పూట గడిచిపోయింది. ఆమె కోసం ఆగొద్దని అందరికీ చెప్పింది అత్త. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు అక్కచెల్లెళ్ళ మధ్య మాటలు లేవు.

రెండేళ్ళ కిందట, నా డిగ్రీ పరీక్షలు అయిపోయినాక, అత్త ఉన్నట్టుండి నాయనతో అంది: "నాకు సముద్రం చూడల్ల."

ఆమె నోరు తెరిచి ఏదన్నా కావాలని అడగడం మేము వినలేదు. సముద్రం కోసం కాదని నాయనకు తెలుసు. చిన్నత్తకు ఫోన్ చేశాడు. "రమ్మను" అన్నదట, అంతే. దారిలో బోర్డులు చదవడానికి తోడు నేను. గుంతకల్లులో రైలెక్కినప్పుడు అత్త సంచిలో రాగిపిండి, వేరుశనక్కాయలు, రెండు చీరలు ఉన్నాయి.

చిన్నత్త మమ్మల్ని బాగానే చూసుకుంది. వారం రోజులకూ ముందే రాసి పెట్టుకుంది, ఏ రోజు ఏ చోటని. సింహాచలం, కైలాసగిరి, భీమిలి, బీచ్. ఇంట్లో ఎదురెదురుగా కూర్చోవలసి రాకుండా అన్ని చోట్లు తిప్పుతోందని నాకు రెండో రోజుకు అర్థమైంది. మాటలన్నీ నా ద్వారానే నడిచేవి. ముగ్గురం ఒకే సోఫాలో కూర్చున్నా అంతే.

"ఏమ్మా, మీ అత్త కాఫీ తాగుతుందేమో అడుగు."

"మీ చిన్నత్తకు చెప్పు పాపా, చక్కెర తక్కువ వెయ్యమని."

మధ్యలో నేను తల ఊపేదాన్ని.

బీచ్ ఒడ్డున సబ్‌మెరైన్ ఒకటి పెట్టి ఉంటుంది. లోపలికి పోయి చూడవచ్చు. ఇరుకు దారిలో వంగి నడుస్తూ అత్త అక్కడి మనిషిని ఆపింది. "ఏమప్పా, ఇంతమంది ఇందులో ఉంటాండ్రి కదా, తాగే నీళ్ళు యాడివి?" ఉప్పు నీళ్ళను మంచి నీళ్ళు చేసుకుంటారని, అవీ పొదుపుగా వాడతారని అతను చెప్పాడు. అత్త నా వైపు తృప్తిగా చూసింది. "చూస్తివా? సముద్రం లోపలుండే వాళ్ళకూ మన బాధే."

నాలుగో రోజు సాయంత్రం బీచ్‌లో ఉండగా వాన వచ్చింది. జనం పరుగెత్తారు. అత్త కదల్లేదు. నీళ్ళ మీద పడే వానను చూస్తూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "అయ్యో, దానికేం తక్కువని దాని నెత్తిన పోస్తాండావు సామీ? మా గుమ్మఘట్ట దావ తెలీదా నీకు?" చిన్నత్తకు నవ్వు ఆగలేదు. వెంటనే మొగం పక్కకు తిప్పుకుంది.

ఇంతకూ అసలు సంగతి వంటింట్లో నడుస్తోంది. మొదటి రోజు నుంచే అత్త తెల్లవారకముందే లేచి చిన్నత్త ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నీళ్ళతో నింపేది. బకెట్లు, కుక్కరు, ఇడ్లీ పాత్ర, చివరికి పాల గిన్నె కూడా.

"ఏమ్మా, ఇక్కడ నీళ్ళు రోజంతా వస్తాయని మీ అత్తకు చెప్పు."

"వస్తాండేటప్పుడే పట్టుకోవల్లని మీ చిన్నత్తకు చెప్పు పాపా."

అత్త స్నానానికి పోయినప్పుడు చిన్నత్త వాటిని చప్పుడు కాకుండా సింకులో వంచేసేది. ఐదో రోజు అత్త తొందరగా వచ్చేసింది. చిన్నత్త చేతిలో కుక్కరు ఉంది. అత్త ఆ చెయ్యి పట్టుకుంది.

"పారబోయొద్దు మే."

తొమ్మిదేళ్ళ తర్వాత చెల్లెలితో నేరుగా అన్న మొదటి మాట అది. చిన్నత్త కుక్కరును గట్టు మీద పెట్టింది. ముప్పై ఏళ్ళ విశాఖ మాట ఒక్కసారిగా ఆమె నోట్లోంచి పోయింది.

"ఈ నీళ్ళ మీద ఉండే ప్రాణం అమ్మ మీద లేకపాయెనే నీకు! ఒక్క పూట ఆగలేకపోతివి. నంద్యాల దాటినా అని ఫోన్ చేసినా కదా?"

అత్త తడి జుట్టుతో అట్లాగే నిలబడింది.

"కరెంటు లేకపాయె. రాయదుర్గం నుంచి తెచ్చిన ఐసు దావలోనే సగం కరిగిపాయె. అమ్మ మొగం మారిపోతాండె మే. ఆ మొగం నువ్వు చూడకూడదనుకున్నా. చూస్తే నీకు కడదాకా అదే గుర్తుంటాదని."

"ఆ మాట అప్పుడే చెప్పకూడదా?"

"ఎట్ల చెప్పేది? ఫోన్లో నువ్వు ఏడుస్తాంటివి."

"ఆగలేదని కాదక్కా. నన్ను అడగలేదని. చూస్తావా, వద్దా అని ఒక్క మాట అడిగింటే?"

"అవును," అంది అత్త. "అడగాల్సింది."

నేను అక్కడినుంచి తప్పుకున్నాను. మళ్ళీ వెళ్ళేసరికి ఇద్దరూ వంటింట్లో కింద కూర్చుని, మేము తెచ్చిన వేరుశనక్కాయలు వొలుస్తున్నారు. ఎవరూ నాచేత ఏమీ చెప్పించలేదు.

మరుసటి రోజు అత్త ఎప్పటిలాగే చీకటితో లేచింది. ఆమెకు నింపడానికి ఏమీ మిగల్లేదు. చిన్నత్త అప్పటికే అన్నీ నింపి పెట్టింది. పాల గిన్నెతో సహా.

తిరుగు రైల్లో అత్త కిటికీ పక్కన కూర్చుంది. నంద్యాల దగ్గర నా పుస్తకం మూసి నా ఒడిలో పెట్టింది. "పాపా, అడగాల్సినోళ్ళను అడక్కుండా ఏదీ చెయ్యొద్దు" అంది. మళ్ళీ తనే పుస్తకం తెరిచి ఇచ్చింది, తలకిందులుగా.

ఆ తర్వాత రెండేళ్ళూ ప్రతి ఆదివారం చిన్నత్త ఫోన్ చేసేది. ముందు అడిగే మాట, "నీళ్ళు వచ్చినాయా?"

ఆ పొద్దున నేను తీసి పెట్టిన బిందెను ఆ తర్వాత ఎవరూ కదిలించలేదు. అత్త వాకిట్లో, కడవ పక్కన, అంచుదాకా నిండి ఉండిపోయింది. ఆ నీళ్ళతోనే చిన్నత్త అక్కకు కడసారి స్నానం చేయించింది. ముందు చేత్తో మొగం తుడిచి, చాలాసేపు చూసింది.

ఆమె వచ్చేసరికి రెండో రోజు మధ్యాహ్నం అయింది. మొదటి రోజే పొద్దుగూకేలోగా కానిచ్చేద్దామని ఊరి పెద్దలు అంటుంటే, చిన్నత్తకు ఫోన్ చేసి అడిగి, ఆగుదామని అందరి ముందూ చెప్పింది నేను.