గల్లీకి అడ్డంగా ఒక తీగ

మా చిన్నాయన పోయిన కబురు గల్లీ ఆ పక్క నుంచి ఈ పక్కకు హట్టి మీదుగా వచ్చింది. చెప్తే నమ్మరు. రాయచూరు బజారులో మా నాన్న ఇనుప సామాన్ల దుకాణం ఒక వైపు, సరిగ్గా ఎదురుగా చిన్నాయన కంప్యూటర్ దుకాణం. నడుమ గల్లీ ఎంతంటే, ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే ఒకటి వెనక్కి పోవాలి. ఆ పొద్దున చిన్నమ్మ హట్టి బంగారు గనిలో పనిచేసే తన తమ్ముడికి ఫోన్ చేసింది. ఆయన లింగసూగూరులో ఉన్న నాకు చేశాడు. నేను అమ్మకు చేశాను. అమ్మ దుకాణానికి వెళ్లి గల్లాపెట్టె ముందు కూర్చున్న నాన్నకు చెప్పింది. ఎదుటి షట్టరు లేవకపోవడం నాన్న అప్పటికే చాలాసేపటి నుంచి చూస్తున్నాడట. లేచి, నాలుగడుగులు వేసి, పక్క దుకాణం వాళ్లనైనా అడగొచ్చు కదా. అడగలేదు.

"దారి తెగితె కబురు ఆగదు బిడ్డా. సుట్టు తిరిగి ఇంకో దారిల వస్తది. నెట్‌వర్కంటె గదే" అని చిన్నాయన క్లాసులో చెప్పేవాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ కోపంగానే ఉంది. పోయినవాళ్లను తలుచుకునేటప్పుడు ఉన్నవాళ్లను ఏమీ అనకూడదంటారు. అంత మంచితనం నాకు లేదు.

శక్తినగర్‌లో థర్మల్ కరెంటు కేంద్రం వచ్చి, కాంట్రాక్టర్లు బోల్టులకూ పైపులకూ మా బజారుకు రావడం మొదలుపెట్టాకే మా ఇల్లు నిలదొక్కుకుంది. ఆ బేరాలన్నీ నాన్నవి. చిన్నాయన మాత్రం హైదరాబాదు వెళ్లి కంప్యూటర్ పని నేర్చుకొచ్చి, ఎదుటి మేడ మీది గది అద్దెకు పట్టి, సాయంత్రాలు క్లాసులు పెట్టాడు. చిక్కసూగూరు నుంచి కూడా పిల్లలు బస్సులో వచ్చేవాళ్లు. నేనూ అక్కడే నేర్చుకున్నాను. ఇవాళ ఒక కాలేజీలో అదే పాఠం చెప్పుకుని బతుకుతున్నాను.

కంప్యూటర్లన్నిటినీ తీగలతో ఒక చిన్న డబ్బాకు కలిపి, దాని మీద మిణుకుమిణుకుమనే పచ్చ దీపాలు చూపించేవాడు. "ఇది స్విచ్. ఒక్కొక్క మిషనుకు ఒక్కొక్క నంబరుంటది. ఎవరికి పంపినరో నంబరు చూసి వాళ్లకే ఇస్తది." దాని పక్కనే పాత హబ్ ఒకటి పెట్టుకునేవాడు. "గిదేమో మా అక్క లెక్క. ఒకరి చెవుల చెప్పమంటె గల్లీ అంత చెప్తది. స్విచ్ మా వదిన. ఎవరికి చెప్పాలెనో వాళ్లకే చెప్పి ఊకుంటది." వదినంటే మా అమ్మ. ఆ మాట విన్న రోజు అమ్మ ఆయనకు ఒక గ్లాసు మజ్జిగ ఎక్కువ పోసింది.

థర్మల్ అంత దగ్గరున్నా మా గల్లీలో సాయంత్రం కరెంటు పోయేది. దీపం కింద చీకటి మరి. అయినా క్లాసు ఆగేది కాదు. మమ్మల్ని మెట్ల మీద వరసగా కూర్చోబెట్టి, ఒక పొడుగు మాటను చీటీలుగా చింపి, చీటీ చీటీకి వరస నంబరూ, చేరాల్సిన వాళ్ల నంబరూ వేసి, చేతులు మార్పించేవాడు. చీటీలు ఎలా తిరిగి వచ్చినా, చివరనున్నవాళ్లు నంబర్ల ప్రకారం పేర్చి చదవాలి. రెండే రెండు కట్టుబాట్లు. మన నంబరు లేని చీటీ మనం విప్పకూడదు. మన చీటీ అందితే "ముట్టింది" అని వెనక్కి చెప్పాలి.

"అటుదిక్కు నుంచి ముట్టిందని రాకుంటె?" అని నేనడిగాను.

"మళ్లా పంపాలె."

"ఎన్నిసార్లు చిన్నాయనా?"

"మిషనైతె కొన్నిసార్లు పంపి ఊకుంటది. మనిషైతె ముట్టే దాంక."

నాన్న బిల్లుల కోసం కంప్యూటర్ కొన్నాడు గానీ ప్రింటర్ కొనడానికి చెయ్యి రాలేదు. "నా ప్రింటరుంది కద అన్నా" అని చిన్నాయన తన మేడ కిటికీ నుంచి నాన్న దుకాణం చూరు కింది ఇనుప కడ్డీ దాకా గల్లీకి అడ్డంగా తీగ లాగాడు. లోపలి సన్న తీగలను రంగుల వరసలో పేర్చి, రెండు కొసలకూ కనెక్టర్లు తనే బిగించాడు. నాన్న ఇక్కడ నొక్కితే బిల్లు అక్కడ పడింది. చిన్నాయన మెట్ల మీద నిలబడి "అన్నా, ముట్టింది" అని కేకేశాడు. నాన్న నవ్వాడు. నాన్న అంతగా నవ్వడం బజారువాళ్లు అరుదుగా చూశారు. ఆ తర్వాత రోజూ ఆ కేక గల్లీకి అలవాటైపోయింది.

నాన్న కాగితం ఏది పడినా చిన్నాయన దాన్ని చూడకుండా బోర్లించి పట్టుకుని, గల్లీ దాటి తెచ్చిచ్చేవాడు. కొటేషన్లు కూడా అంతే. నా కళ్లతో చూశాను.

తర్వాత చిన్నాయన కూడా నాన్నలాగే కరెంటు వైర్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఒక కాంట్రాక్టరు నాన్న దగ్గర వైరు రేటు రాయించుకుని, సరుకు మాత్రం చిన్నాయన దగ్గర తీసుకున్నాడు. ఆ సాయంత్రమే నాన్న గల్లీ నడుమ నిలబడ్డాడు.

"నా కొటేషన్ నీ తాన పడ్డది. సూసి తగ్గించినవు."

"అన్నా, నీ కాయితం నేను సదవ. బోర్లేసి తెస్త కద."

"బోర్లేసేటోనికి తిప్పి సూసుడు రాదా?"

నాన్న లోపలికి వచ్చి, అమ్మకానికి కొక్కానికి తగిలించిన కటింగ్ ప్లేయర్ తీసుకుని, కడ్డీకి ఇవతల తీగను కత్తిరించాడు. తెగిన కొస మా షట్టరు ముందు వేలాడింది. నాన్న మర్నాడే కొత్త ప్రింటర్ కొన్నాడు. దానికి మాత్రం చెయ్యి వచ్చింది.

అసలు చేదు సంగతి ఇంకా ఉంది. కొన్నాళ్లకు అదే కాంట్రాక్టరు మా దుకాణంలో చాయ్ తాగుతూ "సేఠ్, ఆప్‌కా రేట్ ఉనకూ మైచ్ బోలా" అన్నాడు. మీ రేటు ఆయనకు చెప్పింది నేనే కదా అని. అటు చెప్పి ఇటు, ఇటు చెప్పి అటు తగ్గించుకోవడం ఆయన వ్యాపారం. నాన్న విన్నాడు. చాయ్ పూర్తిగా తాగాడు. గల్లీ మాత్రం దాటలేదు. తెలియక నరికినందుకు నేను నాన్నను ఏమీ అనను. తెలిసిన తర్వాత గడిచిన ఏళ్లన్నిటికీ అంటాను.

చిన్నాయన దాటాడు. ఏటా దసరా సాయంత్రం జమ్మి తెంపుకొచ్చి, పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కడం మా ఇళ్లలో రివాజు. ఆయన ఏడు తప్పకుండా వచ్చి గల్లాపెట్టె మీద జమ్మాకు పెట్టి, నాన్న కాళ్లకు మొక్కి, కాసేపు నిలబడేవాడు. నాన్న తల ఎత్తేవాడు కాదు. ఆకు అక్కడే ఎండిపోయేది.

తన దుకాణంలోనూ ఆ తీగ రెండో కొసను స్విచ్ నుంచి పీకలేదు. ఆయుధ పూజకు అన్ని దీపాల పక్కనా కుంకుమ పెట్టి, వెలగని ఆ ఒక్క దీపం పక్కనా పెట్టేవాడు. తీసెయ్యరాదా అంటే, "నా దిక్కు బాగనే ఉన్నది. ఆ దిక్కు కనెక్టర్ పెడితె వెల్గుతది" అనేవాడు.

పోయిన దసరాకు ఆయన మంచం దిగలేకపోయాడు. జమ్మి నాతో పంపాడు. తిరిగి వెళ్లేసరికి తలుపు వైపే చూస్తున్నాడు.

"ఏమన్నడు?"

"ఏమనలే చిన్నాయనా."

"సరే తియ్యి. మళ్లొచ్చే ఏడు సూద్దాం."

మళ్లొచ్చే ఏడు రాలేదు. నాన్న అంత్యక్రియలకు వచ్చాడు, అందరికంటే వెనక నిలబడ్డాడు. నలుగురూ "ఎంతైనా అన్న కద" అన్నారు. ఆ మాట విని నాకు ఒళ్లు మండింది.

దినాలు అయిన తర్వాత దుకాణం ఖాళీ చేయడానికి చిన్నమ్మ వచ్చింది. నేను వెంట ఉన్నాను. ఆమె ముందుగా స్విచ్ దగ్గరికి వెళ్లి ఆ తీగను పీకింది. తర్వాత కిటికీలో నిలబడి బలంగా లాగింది. మా చూరు కింది నుంచి కొస ఊడి గల్లీ మీదుగా పాకుతూ వచ్చింది. చేంతాడు చుట్టినట్టు అరచేతికీ మోచేతికీ వేసి చుట్టుకుంది.

"ఉండనీ చిన్నమ్మా" అన్నాను.

"ఆయన ఉన్నన్ని దినాలు తియ్యనియ్యలే. ఇంక ఎవరి కోసం?"

మర్నాడు పొద్దున నేను నాన్నతో పాటు దుకాణానికి వెళ్లాను. ఇన్నేళ్లూ నాన్న షట్టరు తెరిచే పద్ధతి ఒకటే. మొహానికి తగలకుండా ఎడమ చేత్తో ఆ తీగ కొసను పక్కకు నెట్టి, కుడి చేత్తో తాళం తీస్తాడు. తీసి పారేయాలని ఆయనకూ ఎన్నడూ అనిపించలేదు, ఎందుకో నన్నడగకండి. ఆ పొద్దున కూడా తాళంచెవి కుడి చేతిలోకి తీసుకుని, ఎడమ చెయ్యి పైకెత్తి పక్కకు నెట్టాడు. చేతికి ఏమీ తగలలేదు. ఇంకోసారి నెట్టాడు. తర్వాత ఆ చెయ్యి దించకుండా, వెనక్కి తిరిగి ఎదుటి కిటికీ వైపు చూశాడు.